జబ్బులున్నవాళ్లు విటమిన్ డి మొదలుపెట్టాలంటే: ఏ వరుసలో ఏం చేయాలి

విటమిన్ డి మాత్ర కొనడానికి చాలాచోట్ల చీటీ అక్కర్లేదు. అందుకే దాన్ని మందుల లెక్కలో ఎవరూ వేయరు. డాక్టర్ "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే బీపీ మాత్ర చెబుతారు, షుగర్ మాత్ర చెబుతారు, ఇది మాత్రం చెప్పరు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజుకో చిన్న మోతాదు వేసుకుంటే నిజంగానే పెద్ద ఇబ్బంది ఉండదు. చిక్కంతా మిగతావాళ్లతోనే. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, పేగు జబ్బులున్నవాళ్లు, ఫిట్స్ మందులు వాడేవాళ్లు, గడప దాటలేని పెద్దవాళ్లు... లోపం ఎక్కువగా కనిపించేది వీళ్లలోనే, మోతాదు తప్పితే ఎక్కువ దెబ్బ తినేదీ వీళ్లే.

అందరూ ముందు అడిగేది "ఎంత వేసుకోవాలి?" అని. దానికి జవాబు కింద నాలుగో మెట్టులో ఉంది. దయచేసి నేరుగా అక్కడికి దూకకండి. మొదటి మూడూ చూసుకోకుండా చెప్పే అంకె ఏదైనా మీ విషయంలో గాల్లో బాణమే.

1. ముందు ఒక కాగితం తీసుకుని జబ్బులు, మందులు రాయండి

విటమిన్ డి ఒంట్లో ఏ దారిన పోతుందో తెలిస్తే మీకు ఎక్కడ ఇబ్బందో మీకే అర్థమవుతుంది. ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు తగిలినప్పుడు చర్మంలో ఇది తయారవుతుంది. కొంత ఆహారం ద్వారానో మాత్ర ద్వారానో పేగుల్లోంచి లోపలికి వస్తుంది. అక్కడి నుంచి కాలేయానికి వెళ్లి ఒకసారి, కిడ్నీకి వెళ్లి ఇంకోసారి మారుతుంది. కిడ్నీలో తయారయ్యే ఆ చివరి రూపమే అసలు పని చేసేది: తిన్నదాంట్లోంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగుతుంది. ఈ దారిలో ఏ మలుపులో అడ్డు పడినా లెక్క మారిపోతుంది.

చర్మం దగ్గర: వయసు పైబడితే చర్మం తయారుచేసే శక్తి తగ్గుతుంది. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లకి, ఒళ్లంతా కప్పుకునేవాళ్లకి, బయటికి రాలేనివాళ్లకి లోపం మామూలే. కిటికీ పక్కన మంచం వేసి ఎండ పడుతోంది కదా అనుకుంటే లాభం లేదు. అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది.

పేగుల దగ్గర: ఇది కొవ్వులో కరిగే విటమిన్. కొవ్వు సరిగా ఒంటబట్టని జబ్బుల్లో, అంటే సీలియాక్, క్రోన్స్, క్లోమం దెబ్బతినడం, పిత్తం సరిగా దిగకపోవడం లాంటివాటిలో, మింగిన మాత్రలో కొంతే లోపలికి చేరుతుంది. బరువు తగ్గడానికి బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవాళ్లదీ ఇదే పరిస్థితి. వాళ్లకి రోజుకి 3,000 ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్, విటమిన్‌ని కొలిచే లెక్క) వరకు రాయడం మామూలే. స్థూలకాయం ఉన్నవాళ్లలో విటమిన్ కొవ్వు కణజాలంలోకి పోయి అక్కడే ఉండిపోతుంది, రక్తంలో తక్కువగా కనిపిస్తుంది.

మందుల దగ్గర: ఫినైటోయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ లాంటి ఫిట్స్ మందులు, టీబీకి వాడే రిఫాంపిసిన్, కొన్ని హెచ్‌ఐవీ మందులు విటమిన్ డిని ఒంట్లో తొందరగా కరిగించేస్తాయి. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే కాల్షియం ఒంటబట్టడం తగ్గి ఎముక పలచబడుతుంది. ఇలాంటివాళ్లకి, స్థూలకాయం ఉన్నవాళ్లకి మామూలు మోతాదుకి రెండు మూడు రెట్లు అవసరం పడవచ్చు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తక్కువ పడే కారణాలు. అదే కాగితం వెనక్కి తిప్పి, ఎక్కువైతే ప్రమాదం తెచ్చేవి రాయండి. ఈ వైపు ఒక్కటి ఉన్నా డాక్టర్‌తో మాట్లాడకుండా మాత్ర మొదలుపెట్టకండి.

సార్కాయిడోసిస్ ఉంటే మొదటి వరుసలో రాయండి. ఈ జబ్బులో ఒంట్లో ఏర్పడే గడ్డల్లాంటి కణాల గుంపులు కిడ్నీ అదుపుతో పని లేకుండా విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చేస్తాయి. మామూలు మోతాదుకే కాల్షియం పైకి ఎక్కేయవచ్చు. టీబీలో, లింఫోమా అనే లింఫు కణాల క్యాన్సర్లలో కొన్నిటిలో కూడా ఇదే జరగవచ్చు. టీబీ రోగి సంగతి చూడండి: వాడే మందు విటమిన్‌ని తగ్గిస్తుంది, జబ్బేమో కాల్షియాన్ని పెంచగలదు. ఇంటర్నెట్‌లో చదివి మోతాదు తేల్చుకునే వ్యవహారం కాదని అక్కడే తెలిసిపోతుంది.

రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, ఒకప్పుడు కిడ్నీలో రాళ్లు పడడం, కదలకుండా నెలల తరబడి మంచంలో ఉండడం కూడా ఈ వైపే రాయాలి. మందుల్లో మూడు రకాలు చూసుకోండి. బీపీకో, ఒంట్లో నీరు తగ్గడానికో ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ మూత్రంలో కాల్షియం పోకుండా ఆపుతాయి. గుండెకి వాడే డిగాక్సిన్ ఉంటే, కాల్షియం పెరిగినప్పుడు గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. లిథియం దానంతట అదే కాల్షియాన్ని పెంచగలదు.

కిడ్నీ జబ్బు రెండు వైపులా రాయాల్సినది. లోపమూ ఉంటుంది, ఎక్కువైతే తట్టుకునే శక్తీ ఉండదు. దాని గురించి నాలుగో మెట్టులో విడిగా చెబుతాను.

2. సరైన పరీక్ష అడగండి

ఏ జబ్బూ లేని పెద్దవాళ్లందరికీ విటమిన్ డి పరీక్ష అవసరం లేదని హార్మోన్ల నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైన రాసిన జబ్బులున్నవాళ్ల లెక్క వేరు, మీకు పరీక్ష పనికొస్తుంది. కాకపోతే పేరు సరిగ్గా చూసుకోండి. చేయించాల్సింది 25-హైడ్రాక్సీ విటమిన్ డి. 1,25-డైహైడ్రాక్సీ అనే ఇంకో పరీక్ష ఉంది. పేరు వింటే అదే పెద్ద పరీక్ష అనిపిస్తుంది. కానీ లోపం ఉన్నా అది మామూలుగానో ఎక్కువగానో రావచ్చు. డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప దాని జోలికి వెళ్లకండి.

విటమిన్ డి ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది. కాల్షియం, ఫాస్ఫరస్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా అదే రక్తంలో చూడమనండి. ఎముకల నొప్పి ఉంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథార్మోన్ (పారాథైరాయిడ్ గ్రంథి హార్మోన్) కూడా చూస్తారు. చిక్కి శల్యమైనవాళ్లలో, చాలాకాలంగా జబ్బుపడినవాళ్లలో అల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ తక్కువగా ఉంటుంది. అప్పుడు కాల్షియం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది కాబట్టి అల్బుమిన్‌తో సరిచేసిన అంకె అడగాలి.

జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వేసుకుంటున్నారా? కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో బయోటిన్ ఫలితాన్ని తారుమారు చేసి విటమిన్ డి ఎక్కువగా ఉన్నట్టు చూపిస్తుంది. రక్తం తీసే ముందు ఎన్ని రోజులు ఆపాలో ల్యాబ్‌లో అడగండి.

రిపోర్టులో అంకె పక్కన యూనిట్ చూడటం మరిచిపోకండి. మిల్లీలీటర్‌కి నానోగ్రాముల్లో 20 వచ్చినా, లీటర్‌కి నానోమోల్స్‌లో 50 వచ్చినా ఒకటే. రెండింటి మధ్య తేడా రెండున్నర రెట్లు. నానోగ్రాముల లెక్కలో 12 కంటే తక్కువైతే స్పష్టమైన లోపం, 20 దాటితే ఎక్కువమంది ఎముకలకి సరిపోతుంది. అంకెని 60కో 80కో తీసుకెళ్లాలని పట్టుబట్టేవాళ్లు కనిపిస్తుంటారు. అంత ఎత్తుకి ఎక్కిస్తే అదనంగా ఒరిగేదేమీ లేదు, 50 దాటాక జాగ్రత్తగా ఉండాలనే నిపుణులు చెబుతారు.

3. ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ బల్ల మీద పెట్టి కూడండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. విటమిన్ డి ఎప్పుడూ ఒక్క డబ్బాలో ఉండదు.

ముందు యూనిట్ల సంగతి. 1 మైక్రోగ్రాము అంటే 40 ఐయూ. 10 మైక్రోగ్రాములు 400 ఐయూ, 25 మైక్రోగ్రాములు 1,000 ఐయూ. పెద్ద మోతాదు క్యాప్సూల్ మీద కొన్నిసార్లు 1.25 మిల్లీగ్రాములు అని ఉంటుంది. చూడటానికి ఒకటింబావే కదా అనిపిస్తుంది, అది 50,000 ఐయూ. లేబుల్ మీద అంకె ఒక మాత్రకా, రెండు మాత్రలకా అన్నది కూడా చదవండి.

ఇప్పుడు ఎముకలు పలచబడిన ఒక పెద్దావిడ మందుల డబ్బా ఊహించుకోండి. మల్టీవిటమిన్‌లో 400. కాల్షియం మాత్ర ఒక్కోదాంట్లో 500, రోజుకి రెండు కాబట్టి 1,000. ఎముకల కోసం వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్రలో విటమిన్ డి కలిపిన రకం ఉంటుంది, అందులో 5,600, అంటే రోజుకి 800 పడినట్టు. ఇక లోపం ఉందని కొత్తగా రాసిన వారానికో 50,000 క్యాప్సూల్, రోజుకి దాదాపు 7,140. మొత్తం కలిపితే రోజుకి 9,300 పైమాటే. ఇందులో ఏ ఒక్కటీ తప్పుగా రాసింది కాదు, ఒక్కోటీ ఒక్కో డాక్టర్ రాసి ఉంటారు. కూడినవాళ్లే లేరు. కొన్ని వారాల చికిత్సగా డాక్టర్ తెలిసి ఇస్తే ఈ అంకె నడుస్తుంది. ఎవరికీ తెలియకుండా ఏడాది పాటు సాగితే, అందులోనూ ఆవిడ క్లోర్‌థాలిడోన్ కూడా వాడుతుంటే, అది వేరే కథ.

కాడ్ లివర్ ఆయిల్, ప్రొటీన్ పౌడర్లు, ట్యూబ్ ద్వారా ఇచ్చే పోషకాహార ద్రవాలు కూడా ఈ లెక్కలోకి రావాలి. కాడ్ లివర్ ఆయిల్‌లో విటమిన్ ఎ కూడా ఉంటుంది కాబట్టి డి కోసమని దాన్ని పెంచుకుంటూ పోకూడదు.

4. మోతాదు

అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో చెప్పిన లెక్క ప్రకారం 70 ఏళ్ల వరకు రోజుకి 600 ఐయూ, ఆపైన 800, ఏడాదిలోపు పిల్లలకి 400. పెద్దవాళ్లు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా దాటకూడని గీత రోజుకి 4,000. మీ కాగితం వెనక వైపు ఖాళీగా ఉండి, ముందు వైపు వయసో, ఎండ తగలకపోవడమో మాత్రమే ఉంటే, రోజుకి 600 నుంచి 1,000 మధ్య డి3 మాత్ర మొదలుపెట్టడానికి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. మాత్రల్లో విటమిన్ డి రెండు రూపాల్లో దొరుకుతుంది, డి3, డి2 అని. డి3 రక్తంలో స్థాయిని డి2 కంటే బాగా పెంచి నిలబెడుతుంది. జంతు పదార్థాలు వద్దనుకునేవాళ్లు డి2 గానీ, లైకెన్ నుంచి తీసిన డి3 గానీ అడగవచ్చు.

రక్త పరీక్షలో లోపం తేలితే సాధారణంగా వారానికోసారి 50,000 ఐయూ చొప్పున 6 నుంచి 8 వారాలు ఇచ్చి, తర్వాత రోజువారీ చిన్న మోతాదుకి మారుస్తారు. కొన్నిచోట్ల 60,000 రకం దొరుకుతుంది. ఈ క్యాప్సూల్‌తోనే అసలు ప్రమాదం. వారానికోటి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంటే 60,000 చొప్పున నెలకి 18 లక్షల ఐయూ అవుతుంది. కళ్లు సరిగా కనపడనివాళ్లు, మతిమరుపు ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో ఇది జరగడం పెద్ద విశేషమేమీ కాదు. కాబట్టి ఎన్ని వారాలు రాస్తే అన్నే క్యాప్సూల్స్ కొనండి. రోజువారీ మందుల డబ్బాలో వాటిని కలపకండి. వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని, స్ట్రిప్ మీదే ప్రతి క్యాప్సూల్ పక్కన పెన్నుతో తేదీ రాసేయండి. ఒక వారం మరిచిపోతే గుర్తొచ్చిన రోజు ఒక్కటే వేసుకోవాలి, రెండు కలిపి కాదు.

"రోజూ ఎవరు మింగుతారు, ఏడాదికోసారి ఒకేసారి ఇచ్చేయండి" అనేవాళ్లు ఉంటారు. 2010లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 70 దాటిన 2,256 మంది స్త్రీలలో కొందరికి ఏడాదికోసారి 5 లక్షల ఐయూ, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. విటమిన్ తీసుకున్నవాళ్లే ఎక్కువగా పడ్డారు, ఎముకలూ వాళ్లవే ఎక్కువ విరిగాయి. 50 దాటినవాళ్లకి విటమిన్ డి అవసరమైతే అప్పుడప్పుడూ పెద్ద మోతాదు కన్నా రోజూ చిన్న మోతాదే మంచిదని 2024 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. పడిపోయే భయం ఉన్న పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ మాట గట్టిగా పట్టుకోవాలి.

కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకి, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకి డాక్టర్ కాల్సిట్రియోల్ గానీ ఆల్ఫాకాల్సిడాల్ గానీ రాస్తారు. అవి కిడ్నీతో పని లేకుండానే పనిచేసేలా తయారైన మందులు. వాటి మీద 0.25 మైక్రోగ్రాములు అని ఉంటుంది. పైన చెప్పిన 40తో దాన్ని గుణించి "పదే ఐయూలా!" అనుకుని ఇంకో నాలుగు వేసుకోకండి. ఆ లెక్క వీటికి వర్తించదు. ఇవి చాలా చురుకైనవి, కొద్ది రోజుల్లోనే కాల్షియాన్ని పెంచేయగలవు. ఇంకో సంగతి, 25-హైడ్రాక్సీ పరీక్షలో ఈ మందులు కనపడవు. అంకె తక్కువగా ఉంది కదా అని పక్కన మామూలు విటమిన్ డి సొంతంగా చేర్చుకోవద్దు. కిడ్నీ డాక్టర్ కాల్షియం, ఫాస్ఫరస్, పారాథార్మోన్ మూడూ చూసి చెబుతారు.

ఎముకల కోసం డెనోసుమాబ్ లేదా జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ తీసుకోబోతుంటే, ముందు విటమిన్ డి లోపం సరిచేసుకోవాలి. లోపంతోనే ఇంజెక్షన్ పడితే కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో మరీను. ఇంజెక్షన్ తేదీ ఖాయమయ్యాక "నా విటమిన్ డి, కాల్షియం చూశారా?" అని మీరే అడగండి.

పసిపిల్లల చుక్కల మందు విషయంలో ఒకటే మాట: ఆ సీసాతో వచ్చిన డ్రాపర్ తప్ప ఇంకోటి వాడొద్దు. డ్రాపర్‌లో గీత దాటి ఎక్కువ పోసే ప్రమాదం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2010లో ప్రత్యేకంగా హెచ్చరించింది. కొన్ని సీసాల్లో ఒక్క చుక్కకే 400 ఐయూ ఉంటుంది, కొన్నిటిలో 1 మిల్లీలీటర్‌కి 400.

5. ఎలా వేసుకోవాలి

ఉదయమా రాత్రా అన్నది ముఖ్యం కాదు. కాస్త నూనో కొవ్వో ఉన్న భోజనంతో వేసుకోండి, బాగా ఒంటబడుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే కొలెస్టిరమిన్ వాడేవాళ్లు దానికి గంట ముందైనా, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. బరువు తగ్గడానికి వాడే ఓర్లిస్టాట్ అయితే రెండు గంటల ఎడం చాలు. ట్యూబ్ ద్వారా ఆహారం తీసుకునేవాళ్లకి మెత్తటి క్యాప్సూల్‌ని గుచ్చి పిండితే మోతాదు సరిగ్గా వెళ్లదు, ద్రవ రూపం రాయమని అడగండి.

6. ఏం కనిపెట్టుకుని ఉండాలి

లోపం వల్ల కుర్చీలోంచి లేవడానికి, మెట్లెక్కడానికి తొడల్లో బలం చాలకపోతే, ఎముకలు నొక్కితే నొప్పి పుడుతుంటే, మాత్రలతో వారాల నుంచి నెలల్లో తేడా తెలుస్తుంది. రెండో రోజుకే హుషారు వచ్చిందంటే అది విటమిన్ మహిమ కాకపోవచ్చు. గుండెపోటు, క్యాన్సర్ రాకుండా ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 25 వేల మందికి పైగా పాల్గొన్న వైటల్ అనే పెద్ద పరిశోధనలో రోజుకి 2,000 ఐయూ చొప్పున ఏళ్ల తరబడి ఇచ్చినా ఆ రెండూ తగ్గలేదు. 2022లో వచ్చిన దాని ఫలితాల్లో ఎముకలు విరగడం కూడా తగ్గలేదు. అయితే అందులో ఎక్కువమందికి మొదటి నుంచీ లోపం లేదు. నిజంగా లోపం ఉన్న మీకు "ఇక ఎందుకులే" అనుకోవడానికి అది కారణం కాదు.

కాల్షియం పెరిగిందనడానికి గుర్తులు ఇవి: వికారం, వాంతులు, ఆకలి చచ్చిపోవడం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, నీరసం. పెద్దవాళ్లలో ఒక్కోసారి ఇవేవీ పైకి కనపడవు, మాట తడబడటం, అయోమయం, పగలంతా నిద్ర మాత్రమే ఉంటాయి. వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోకండి. ఇలా ఉంటే విటమిన్ డి, కాల్షియం మాత్రలు ఆపి అదే రోజు కాల్షియం, క్రియాటినిన్ పరీక్ష చేయించండి. వాంతులు ఆగకపోయినా, అయోమయం ఉన్నా, గుండె దడగా ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇందులో ఒక మినహాయింపు ఉంది. పారాథైరాయిడ్ సరిగా పనిచేయక కాల్సిట్రియోల్, కాల్షియం మీద ఆధారపడినవాళ్లు సొంతంగా ఆపితే కాల్షియం ఒక్కసారిగా పడిపోతుంది. వాళ్లు ముందు డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

మాత్ర ఆపినంత మాత్రాన సమస్య మర్నాటికి తీరిపోదు. మామూలు విటమిన్ డి కొవ్వులో నిలవ ఉంటుంది, ఎక్కువ మోతాదు పడినవాళ్లలో కాల్షియం దిగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆసుపత్రిలో చేరితే ఎన్ని క్యాప్సూల్స్ ఎన్నాళ్లు వేసుకున్నారో చెప్పండి, ఖాళీ స్ట్రిప్‌లు ఉంటే తీసుకెళ్లండి.

అంతా సజావుగా సాగితే మళ్లీ పరీక్ష మూడు నెలలకి. అంతకన్నా ముందు చేయిస్తే అంకె ఇంకా కదులుతూనే ఉంటుంది, దాన్ని చూసి మోతాదు మార్చడం కుదరదు. సార్కాయిడోసిస్, కిడ్నీ జబ్బు, రాళ్లు, డిగాక్సిన్ లాంటివి ఉన్నవాళ్లు మాత్రం కాల్షియాన్ని అంతవరకు ఆగకుండా మొదటి కొద్ది వారాల్లోనే ఒకసారి చూపించుకోవాలి. మూడు నెలల తర్వాత అంకె కదలకపోతే వెంటనే మోతాదు పెంచేయకండి. ముందు మాత్రలు నిజంగా వేసుకున్నారా, భోజనంతో వేసుకున్నారా, పేగుల్లో ఒంటబట్టని జబ్బు ఏదైనా బయటపడకుండా ఉందా అన్నది చూస్తారు. అంకె 20 దాటి కాల్షియం మామూలుగా ఉంటే వారం క్యాప్సూల్ అక్కడితో ఆపి రోజువారీ చిన్న మోతాదుకి మారండి. పాత చీటీ చూపించి ఇంకో స్ట్రిప్ తెచ్చుకోకండి. స్ట్రిప్‌లో ఒకటి రెండు మిగిలితే ఇంట్లో ఇంకొకళ్లకి ఇవ్వకండి, వాళ్ల కాగితం వెనక వైపు ఏముందో మీకు తెలియదు.